అంగడి బీగం, గాజుబల్ల మీది ఎలుక: సరిచూసిందే సరిచూడటం వెనుక మెదడు

మీ ఉత్తరంలో రెండు ప్రశ్నలు ముడిపడి ఉన్నాయి. మొదటిది ఎమ్మెస్సీ సెమినారు కోసం అడిగింది: మందు ఇచ్చిన ఎలుక ఒకే చోటికి మళ్లీ మళ్లీ వెళ్లి చూసుకోవడం వెనుక మెదడులో జరిగేదేమిటి, అసలు అది "సరిచూసుకుంటోంది" అని మనం ఎలా అనగలం? రెండోది మీరు చివర్లో ఒకే వాక్యంలో అడిగి వదిలేశారు. చిత్తూరు బజారు వీధిలో అంగడి నడిపే మీ నాన్నగారు రాత్రి షట్టరు దించి, బీగం వేసి, నాలుగడుగులు నడిచి, వెనక్కి వచ్చి బీగం లాగి చూసి, వీధి మలుపు దాకా పోయి మళ్లీ వెనక్కి వస్తారనీ, ఈ అలవాటుకూ ఆ ఎలుకలకూ ఏమైనా సంబంధం ఉందా అనీ అడిగారు. మీకు నిజంగా కావలసింది ఈ రెండో జవాబే అని నాకు అనిపించింది. అయినా మొదటిది సరిగ్గా తెలియకుండా రెండోదానికి జవాబు చెప్పుకోవడం ప్రమాదం కాబట్టి ఎలుకతోనే మొదలుపెడతాను.

నేను తిరుపతిలో ముప్పై ఏళ్లకు పైగా శరీరధర్మశాస్త్రం చెప్పాను. అందులో సగం కాలం ఎలుకల గది బాధ్యత కూడా నాదే. మానసిక వైద్యుణ్ని కాను, కనుక మీ నాన్నగారికి జబ్బు ఉందో లేదో చెప్పే అధికారం నాకు లేదు. ఇన్నేళ్ల చదువులోనూ పరిశీలనలోనూ నాకు కుదిరిన అవగాహన మాత్రం ఇది: సరిచూసుకోవాలని అనిపించడం జబ్బు కాదు, అది ప్రతి ప్రాణికీ ప్రాణరక్షణ; సరిచూసిన తరువాత "ఇక చాలు" అనే కబురు మెదడులో పుట్టకపోవడం, పుట్టినా చేరవలసిన చోటికి చేరకపోవడం, అదీ జబ్బు. మనవాళ్లు "చాదస్తం" అనే ఒక్క మాటతో తోసిపారేసే ఈ స్థితిని వైద్యులు అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్, పొట్టిగా ఓసీడీ అంటారు. నూటికి ఇద్దరు ముగ్గురు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు దీని బారిన పడతారు. వారిలో చాలామందికి బీగాలు, గ్యాసు పొయ్యి, స్విచ్చులు సరిచూసుకోవడమే ప్రధాన లక్షణం.

ఎలుకలో ఈ ప్రవర్తనను గట్టిగా నిర్వచించిన పని 1998లో వెలువడింది. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన హెన్రీ షెక్ట్‌మన్, ఇజ్రాయెల్‌లోని టెల్ అవీవ్ విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ ఐలమ్, వారి సహచరులు చేసిన పని అది. క్విన్‌పిరోల్ అనే మందును శరీర బరువు కిలోకు 0.5 మిల్లీగ్రాము చొప్పున, వారానికి రెండుసార్లు, ఐదు వారాల పాటు ఎలుకలకు ఎక్కించారు. ఎక్కించిన ప్రతిసారీ ఒక్కో ఎలుకను పెద్ద గాజుబల్ల మీద వదిలారు. పక్కకు 160 సెంటీమీటర్లు, నేల నుంచి 60 సెంటీమీటర్ల ఎత్తు, చుట్టూ గోడలు లేవు. బల్ల మీద నాలుగు చోట్ల నాలుగు చిన్న వస్తువులు పెట్టారు. బల్లను లెక్క కోసం 25 గళ్లుగా భావించి, ఎలుక ఏ గడిలో ఆగింది, ఎంతసేపు ఆగింది, ఎప్పుడు తిరిగి వచ్చింది అన్నది వీడియో చూసి నమోదు చేశారు.

ఇక్కడ మామూలు ఎలుక సంగతి తెలిసి ఉండాలి. కొత్త చోట వదిలిన ఏ ఎలుకైనా కాసేపటికి ఒక చోటును "బస"గా ఎంచుకుంటుంది. అక్కడే ఎక్కువసేపు ఉంటుంది, అక్కడే ఒళ్లు తుడుచుకుంటుంది. అక్కడి నుంచి బయటికి పోయేటప్పుడు ఆగి ఆగి, వాసన చూసుకుంటూ పోతుంది. తిరిగి వచ్చేటప్పుడు ఒక్క పరుగున వస్తుంది. అంటే తన బసను మళ్లీ మళ్లీ చూసుకోవడం ఎలుకకు సహజ గుణమే. అలా చూసుకుని, కాసేపు కూర్చుని, వేరే పనిలో పడుతుంది. క్విన్‌పిరోల్ ఎక్కిన ఎలుక కూడా ఇదే పని చేస్తుంది గానీ, రెండు చోట్లను పట్టుకుని వదలదు. ఆ రెండు చోట్లకు మిగతా చోట్లకంటే ఎన్నో రెట్లు ఎక్కువసార్లు వెళుతుంది. ఒకసారి వదిలి వెళ్లాక చాలా తొందరగా తిరిగి వస్తుంది. మధ్యలో ఆగే చోట్లు తగ్గిపోతాయి. చేరుకున్నాక ఆ వస్తువు దగ్గర కొన్ని కదలికలను ఇంచుమించు అదే వరుసలో, తంతులాగా చేస్తుంది. మీ సెమినారులో ఈ నాలుగు కొలతలను తప్పక చెప్పండి. "మందు ఎక్కిన ఎలుక ఎక్కువ తిరుగుతోంది, అందుకే అన్నిచోట్లకూ ఎక్కువ వెళుతోంది" అనే అభ్యంతరానికి అవే జవాబు. ఉత్త పరుగే అయితే 25 గళ్లకూ సమానంగా పెరగాలి, రెండింటికే పెరిగింది. ఓసీడీకి వాడే క్లోమిప్రమీన్ అనే మందును జతగా ఇచ్చినప్పుడు ఈ ప్రవర్తన కొంతమేరకు తగ్గింది కూడా.

"సరిచూసుకోవడం" అనే మాటను తొందరపడి వాడకూడదని నేను ఒకసారి చేదుగా నేర్చుకున్నాను. మా విద్యార్థుల చేత ఏ మందూ లేకుండా, మామూలు ఎలుకల మీదే ఈ బల్ల పరిశీలన చేయించేవాణ్ని. ఒక ఏడాది ఒక బృందం పెట్టిన చెక్క దిమ్మెల్లో ఒకదాని దగ్గరికే ఎలుకలన్నీ పదేపదే వెళ్లాయి. ఒకదాని తరువాత ఒకటి వచ్చి, ముందరి పాదాలు దిమ్మె అంచున ఆనించి, మీసాలు ఆడిస్తూ, దిమ్మె చుట్టూ అడుగు భాగమంతా వాసన చూసి, రెండు గళ్ల దూరం పోయి, మళ్లీ వచ్చేవి. పిల్లలు సంబరంగా లెక్కలు కట్టారు, నేనూ రెండు రోజులు సంతోషించాను. మూడో రోజు నేనే దిమ్మెను చేతిలోకి తీసుకుని తిప్పి చూస్తే అడుగున ముందటి ఎలుక మూత్రపు మరక. బల్లను తుడిచారు, దిమ్మెలను తుడవలేదు. 70 శాతం ఆల్కహాలుతో దిమ్మెలన్నీ కడిగి ఆరబెట్టాక ఆ చోటి మీద మోజు పోయింది. ఎలుకలు తమకు అవసరమైన సమాచారాన్ని సేకరిస్తున్నాయి, అంతే. సమాచారం కోసం వెళ్లడం ఒకటి, సమాచారం అందాక కూడా వెళ్లడం ఇంకొకటి. ఈ తేడాను కొలవగలిగిన ప్రయోగమే నిర్బంధంగా సరిచూడటాన్ని గురించి ఏమైనా చెప్పగలదు.

ఇక మందు సంగతి. క్విన్‌పిరోల్, మెదడు కణాల మధ్య కబురు మోసే డోపమైన్ అనే రసాయనాన్ని అందుకునే గ్రాహకాల్లో డీ2, డీ3 అనే రకాలకు అతుక్కుని, డోపమైన్ లాగానే వాటిని మేల్కొలుపుతుంది. మెదడు లోతుల్లో స్ట్రయేటమ్ అనే భాగం ఉంది. ముందు మెదడు నుంచి వచ్చే సూచనలు అక్కడ చేరి, వడపోతకు గురై, థాలమస్ అనే మరో కేంద్రం ద్వారా తిరిగి ముందు మెదడుకే చేరతాయి. ఈ వలయంలో రెండు దారులున్నాయి. సూటి దారి "కానివ్వు" అంటుంది, దాని కణాల మీద డీ1 గ్రాహకాలు ఎక్కువ. చుట్టుదారి "ఆగు" అంటుంది, దాని కణాల మీద డీ2 గ్రాహకాలు ఎక్కువ. డీ2 గ్రాహకం మేల్కొంటే ఆ కణం నెమ్మదిస్తుంది, అంటే "ఆగు" అనే దారి బలహీనపడుతుంది. మొదలుపెట్టిన పనికి కళ్లెం సడలుతుంది. ఈ బొమ్మ పాఠ్యపుస్తకాల బొమ్మ. మీరు సెమినారులో గీయవచ్చు, కానీ ఇదే మొత్తం నిజమని చెప్పవద్దు. డీ2 గ్రాహకాలు డోపమైన్‌ను విడుదల చేసే కణాల మీద కూడా ఉంటాయి, అక్కడ అవి విడుదలను తగ్గిస్తాయి. అందుకే ఈ మందు చాలా తక్కువ మోతాదులో ఎలుకను చురుకు చేయడానికి బదులు మందగింపజేస్తుంది.

ఇంతకంటే ముఖ్యమైనది ఆ ఐదు వారాల గడువు. మొదటి సూదికి ఈ ప్రవర్తన రాదు. మోతాదు అదే ఉన్నా ప్రతి సూదికీ స్పందన పెరుగుతూ పోయి, ఎనిమిది పది సూదుల నాటికి పతాక స్థాయికి చేరుతుంది. దీన్ని సెన్సిటైజేషన్ అంటారు. అంటే మందు నేరుగా చేసిన పని కంటే, మందు పదేపదే తాకడం వల్ల మెదడు తనను తాను మార్చుకున్న తీరే ఈ ప్రవర్తనకు మూలం. పార్కిన్సన్ జబ్బుకు వాడే ప్రామిపెక్సోల్, రోపినిరోల్ కూడా డీ2 కుటుంబపు గ్రాహకాలనే తాకుతాయి. వాటిని వాడే కొందరు రోగులు విప్పిన వస్తువునే మళ్లీ విప్పి బిగించడం, సర్దిందే సర్దడం వంటి పనుల్లో గంటలు గడిపేస్తారని నాడీ వైద్యులకు బాగా తెలుసు. ఎలుకలో కనిపించింది మనిషిలో అచ్చం అలాగే కనిపించిందని నేను అనడం లేదు, కానీ ఆ దారిలో డోపమైన్‌కు చోటు ఉందనడానికి ఇది మనిషి వైపు నుంచి వచ్చిన సాక్ష్యం.

ఈ ప్రవర్తన ఒకే ముద్ద కాదన్నది షెక్ట్‌మన్ బృందం తరువాతి సంవత్సరాల్లో చూపిన సంగతి, నాకు చాలా విలువైనదిగా తోచింది కూడా. స్ట్రయేటమ్ అడుగున ఉండే న్యూక్లియస్ అక్యుంబెన్స్‌ను, కంటిగుంటల పైన ఉండే ఆర్బిటోఫ్రంటల్ కార్టెక్స్‌ను వేర్వేరు ఎలుకల్లో దెబ్బతీసి చూసినప్పుడు ప్రవర్తనలోని భాగాలు వేర్వేరుగా మారాయి. దాన్నుంచి వారు మూడు అంశాలను విడదీశారు: ఎంత ఊపుతో చేస్తుంది, ఆ పని మీదే ఎంత నిమగ్నమై ఉంటుంది, ఒక విడత ముగిశాక ఎంతసేపు ఊరుకుంటుంది. మనుషుల విషయంలోనూ ఇది అక్కరకొచ్చే విభజన. ఇద్దరు మనుషులు రోజుకు ఇరవైసార్లు బీగం చూసుకోవచ్చు. ఒకరు ఒక్క విడతలోనే ఇరవైసార్లు లాగి ఆ తరువాత రాత్రంతా నిద్రపోవచ్చు, ఇంకొకరు గంటకోసారి లేచి చూడవచ్చు. లెక్క ఒకటే, మెదడులో తప్పిన మెట్టు ఒకటి కాకపోవచ్చు.

మూడో అంశం, అంటే ఊరుకోవడం, షెక్ట్‌మన్‌ను ఒక సిద్ధాంతానికి నడిపించింది. ఆయన, వాటర్లూ విశ్వవిద్యాలయానికి చెందిన ఎరిక్ వుడీ కలిసి 2004లో ఒక వాదన పెట్టారు. ఆకలికీ దాహానికీ ఉన్నట్టే రక్షణకు కూడా మెదడులో ప్రత్యేకమైన ప్రేరణ వ్యవస్థ ఉంది. పొంచి ఉన్న అపాయం కంటికి కనిపించేది కాదు. దొంగ రాలేదని, గ్యాసు కారడం లేదని బయటి ప్రపంచం మనకు రుజువు చూపదు. ఆకలికి అన్నం ముగింపు. కనిపించని అపాయానికి బయట ముగింపు లేదు కాబట్టి, జాగ్రత్త పని చేయడమే లోపల ఒక తృప్తి భావాన్ని పుట్టించి ఆ వ్యవస్థను ఆపాలి. ఓసీడీలో చేతులు పని చేస్తాయి, కళ్లు చూస్తాయి, తెలివికి విషయం తెలుసు, కానీ ఆ తృప్తి భావం పుట్టదు. "వేశానని నాకు తెలుసు, అయినా వేసినట్టు అనిపించడం లేదు" అని రోగులు చెప్పే మాటకు నేను చదివినవాటిలో ఇంతకంటే దగ్గరైన వివరణ లేదు.

ఎలుకకు తెలిసిందో లేదో మనం అడగలేము గదా అంటారు మీరు. అడగడానికి ఒక ఉపాయాన్ని కేంబ్రిడ్జిలో డాన్ ఈగిల్, ట్రెవర్ రాబిన్స్ బృందం కనిపెట్టి 2014లో ప్రకటించింది. పెట్టెలో ఎలుకకు రెండు మీటలుంటాయి. ఏ సమయానికైనా వాటిలో ఒకటే ఆహారం ఇస్తుంది, ఆ ఒకటి ఏదన్నది చెప్పకుండా మారుతుంటుంది. మూడో మీట నొక్కితే ఆహారం రాదు, కానీ ఇప్పుడు పనిచేసే మీట ఏదో చూపే దీపం కొద్ది సెకన్లు వెలుగుతుంది. అంటే మూడో మీట ఉత్త సమాచారం. దీపం లేనప్పుడు దాన్ని నొక్కడం వివేకం. దీపం వెలుగుతుండగానే మళ్లీ నొక్కితే, ఎదురుగా జవాబు ఉండగా మళ్లీ అడిగినట్టు. క్విన్‌పిరోల్ ఎక్కిన ఎలుకల్లో రెండు రకాల నొక్కుళ్లూ పెరిగాయి. ఆహారం ఎప్పుడొస్తుందో అనిశ్చితంగా ఉన్నప్పుడు సరిచూడటం ఇంకా పెరిగింది. నా చెక్క దిమ్మె దగ్గర నాకు దొరకని తేడా ఈ దీపం దగ్గర దొరికింది.

ఇదే ప్రశ్నను మరో వైపు నుంచి అడిగింది టెల్ అవీవ్‌లో డాఫ్నా జోయెల్ ప్రయోగం. మీట నొక్కగానే ఒక సంకేతం, వెంటనే ఆహారం. ఎలుక ఇది నేర్చుకున్నాక ఆ సంకేతాన్ని ఆహారం లేకుండా పదేపదే ఇచ్చి దాని విలువ పోగొడతారు. తరువాత మీట ముందు వదిలితే ఎలుక మీటను ఎడాపెడా నొక్కుతుంది, కానీ ఆహారం వచ్చే తొట్టి దగ్గరికి వెళ్లి చూడనే చూడదు. "పని అయింది" అని చెప్పే సంకేతం నమ్మకం పోగొట్టుకుంది కాబట్టి పని ముగియడం లేదు. సెరటోనిన్ అనే మరో కబురు రసాయనాన్ని పెంచే పారాక్సెటిన్, ఫ్లూవోక్సమిన్ ఈ అదనపు నొక్కుళ్లను తగ్గించాయి. ఆందోళన తగ్గించే డయాజెపామ్ తగ్గించలేదు. మనుషుల్లో ఓసీడీ మందులకూ ఇదే తీరు కనిపిస్తుంది కాబట్టి ఈ నమూనాకు విలువ పెరిగింది. ఉత్త భయమే కారణమైతే డయాజెపామ్ పని చేసి ఉండాలి కదా.

ఆ ప్రయోగంలోనే ఆర్బిటోఫ్రంటల్ కార్టెక్స్‌ను దెబ్బతీస్తే నొక్కుళ్లు పెరిగాయి. మనుషుల్లో మాత్రం 1987 నుంచి వస్తున్న మెదడు చిత్రాలు, ఓసీడీ ఉన్నవారిలో అదే ప్రాంతం ఎక్కువగా పనిచేస్తోందని చెబుతున్నాయి. ఒకచోట ఎక్కువైతే జబ్బు, మరోచోట లేకపోతే జబ్బు. ఇది వైరుధ్యం కాదా అని నన్ను ఎంతోమంది విద్యార్థులు అడిగారు. చిట్టెలుకల మీద 2013లో ఒకే సంచికలో వచ్చిన రెండు ప్రయోగాలు దీన్ని కొంత విప్పాయి. సుసాన్ అహ్మరీ బృందం కాంతితో కణాలను మేల్కొలిపే పద్ధతిలో ఆర్బిటోఫ్రంటల్ మధ్య భాగం నుంచి స్ట్రయేటమ్ అడుగు భాగానికి వెళ్లే దారిని రోజుకు కొన్ని నిమిషాలు మాత్రమే, కొన్ని రోజుల పాటు ప్రేరేపించింది. కాంతి పడుతున్నప్పుడు అప్పటికప్పుడు తుడుచుకోవడం పెరగలేదు. కానీ రోజులు గడిచేకొద్దీ చిట్టెలుకలు ఒళ్లు తుడుచుకోవడం పెరుగుతూ పోయింది, ప్రేరణ ఆపాక కూడా కొనసాగింది, సెరటోనిన్ మందే అయిన ఫ్లూయాక్సెటిన్ ఇస్తే తగ్గింది. క్విన్‌పిరోల్ సూదుల్లో చూసిన ఆ క్రమక్రమంగా పెరగడమే ఇక్కడా కనిపించడం గమనించండి. రెండో ప్రయోగం ఎంఐటీలో ఆన్ గ్రేబియెల్ ప్రయోగశాలలో ఎరిక్ బుర్గియేర్ చేసింది. సాప్‌యాప్3 అనే జన్యువు లేని చిట్టెలుకలు ఒళ్లు తుడుచుకుని తుడుచుకుని ముఖం మీద పుండ్లు చేసుకుంటాయి. ఈ జాతిని గ్వోపింగ్ ఫెంగ్ బృందం 2007లో వర్ణించింది. ఆ చిట్టెలుకల్లో ఆర్బిటోఫ్రంటల్ పక్క భాగం నుంచి స్ట్రయేటమ్‌కు వెళ్లే దారిని ప్రేరేపిస్తే తుడుచుకోవడం తగ్గింది. అక్కడ స్ట్రయేటమ్‌లోని చిన్న నిరోధక కణాలు కళ్లెం పనిని మళ్లీ చేపట్టాయి. అంటే ఆర్బిటోఫ్రంటల్ అనే పేరు కింద ఒకే పని చేసే ఒకే ముక్క లేదు. మధ్య భాగం ఒకటి చేస్తుంది, పక్క భాగం ఇంకొకటి చేస్తుంది. "ఎక్కువా తక్కువా" అని కాకుండా "ఏ దారి, ఏ కణం, ఎంతకాలంగా" అని అడగాలి. ఒళ్లు తుడుచుకోవడమూ సరిచూడటమూ వేరు గదా అని పరీక్షకులు అడిగితే, వేరేనని ఒప్పుకోండి. వలయం ఒకటే అయినా ప్రవర్తన ఒకటి కాదు. సాప్‌యాప్3 చిట్టెలుకను చూపి "ఇదిగో బీగం లాగి చూసే చిట్టెలుక" అనడం తప్పు.

మనకు దగ్గరి బంధువులైన కోతుల మీద ఫ్రాన్సులో 2016లో వచ్చిన పని ఇంకొక మెట్టు చూపింది. పెద్ద బహుమతి ఎంత దగ్గర పడిందో చూపే కొలమానాన్ని కోతి ఎప్పుడు కావాలంటే అప్పుడు తెరిచి చూడవచ్చు. చూడాలన్న నిర్ణయానికి ముందే మెదడు నడిమి పొరలోని సింగులేట్ ప్రాంతపు కణాల్లో మార్పు కనిపించింది. పొరపాటు జరిగిందేమో అనే సంకేతాన్ని ఈ సింగులేట్ ప్రాంతం పుట్టిస్తుందనీ, ఓసీడీ ఉన్నవారిలో ఆ సంకేతం పెద్దదిగా ఉంటుందనీ 2000 నాటికే మెదడు విద్యుత్ తరంగాల పరిశోధన చెప్పింది. కనుక "ఏదో తప్పింది" అనే గంట సింగులేట్‌లో మోగుతుంది, "ఇప్పుడు దీనికే విలువ" అనే తూకం ఆర్బిటోఫ్రంటల్‌లో జరుగుతుంది, "చెయ్యి, ఆపు" అనే పని స్ట్రయేటమ్ వలయం చూస్తుంది అని నేను పాఠం చెప్పేటప్పుడు స్థూలంగా చెబుతాను.

ఎలుక నుంచి మనిషికి నేరుగా వేసిన వంతెన కూడా ఒకటుంది. సబ్‌థాలమిక్ న్యూక్లియస్ అనే చిన్న కేంద్రం పైన చెప్పిన చుట్టుదారిలోనే ఉంటుంది. జర్మనీ, ఇజ్రాయెల్ పరిశోధకులు క్విన్‌పిరోల్ ఎలుకల్లో అక్కడ సన్నని తీగ పెట్టి అధిక పౌనఃపున్యపు విద్యుత్తు ఇస్తే సరిచూడటం తగ్గిందని 2008లో చూపారు. అదే ఏడాది ఫ్రాన్సులో, ఏ మందుకూ లొంగని తీవ్ర ఓసీడీ ఉన్న 16 మందికి అదే కేంద్రంలో విద్యుత్ ప్రేరణ ఇచ్చిన ఫలితాలు వెలువడ్డాయి. లక్షణాలు తగ్గాయి, కొందరిలో తీవ్రమైన దుష్ఫలితాలూ వచ్చాయి. ఇది చివరి మార్గం, మొదటి మార్గం ఎన్నటికీ కాదు.

కుక్కల్లో కూడా ఇలాంటివి ఉన్నాయి. ముందరి కాలిని పుండు పడేదాకా నాకే కుక్కలు తిరుపతిలో పశువైద్యుల దగ్గరికి వస్తూనే ఉంటాయి. అమెరికాలో జుడిత్ రాపపోర్ట్ 1992లో క్లోమిప్రమీన్ ఆ నాకడాన్ని తగ్గించిందని చూపారు. దీన్ని వివరించబోతే మీ విషయం దారి తప్పుతుంది, కనుక ఇంతటితో వదులుతున్నాను.

ఇప్పుడు మీ నాన్నగారి సంగతి. ఎలుకల నమూనాల నుంచి నేరుగా ఒక మనిషి గురించి ఏమీ తేల్చకూడదు. ఆయన మెదడులో డోపమైన్ ఎక్కువైందని మీరు ఇంట్లో అనవద్దు. ఎలుకలు ఒక ప్రశ్నను మాత్రం పదును పెట్టి ఇస్తాయి: ఆయనకు దీపం వెలుగుతుండగానే మళ్లీ నొక్కాలనిపిస్తోందా? అంటే, బీగం పడిందని చేతికి తెలిసిన క్షణంలోనే మళ్లీ చేయి వెనక్కి పోతోందా, లేక నిజంగానే మరిచిపోయి వస్తున్నారా? రెండూ వేర్వేరు సమస్యలు. రెండోదానికి వయసు, నిద్ర, థైరాయిడ్, మతిమరుపు వంటి కారణాలు వెతకాలి.

మొదటిదే అయితే మీకు పనికొచ్చే మనుషుల ప్రయోగం ఒకటుంది. నెదర్లాండ్స్‌లో మార్సెల్ వాన్ డెన్ హౌట్, మెరెల్ కిండ్ట్ 2003లో కంప్యూటరు తెర మీది గ్యాసు పొయ్యిని ఆరోగ్యవంతుల చేత పదేపదే కట్టించి, సరిచూపించారు. చివరిసారి ఏయే పొయ్యిలు చూశారో వాళ్లకు సరిగ్గానే గుర్తుంది. కానీ ఆ జ్ఞాపకం మసకబారింది, దాని మీద నమ్మకం బాగా తగ్గింది. జబ్బు లేనివారిలోనే ఇలా జరిగింది. సరిచూడటం అనుమానాన్ని తీర్చదు, అనుమానానికి మేత వేస్తుంది. చూసిన ప్రతిసారీ ఈసారి చూసిన బొమ్మ నిన్న చూసినదానితో, ఇందాక చూసినదానితో కలిసిపోతుంది. మీ నాన్నగారు ఐదోసారి లాగినప్పుడు మొదటిసారి కంటే తక్కువ నమ్మకంతో ఇంటికి వస్తారన్నమాట. ఇందులో ఆయన మొండితనం ఏమీ లేదు. కోప్పడటం, ఎగతాళి చేయడం రెండూ ఆయన్ని ఒంటరిని చేస్తాయి.

మీరు ప్రేమతో చేసే ఒక పని కూడా దీన్ని పెంచుతుంది. "వేశావు నాన్నా, నేను చూశాను" అని ప్రతి రాత్రీ హామీ ఇవ్వడం, ఆయన కోసం మీ తమ్ముణ్ని పంపి చూపించడం కూడా సరిచూడటమే, చేయి మాత్రం మీది. దీన్ని ఒక్క రోజులో కటువుగా ఆపమని నేను చెప్పడం లేదు. ఓసీడీకి పనిచేసే మానసిక చికిత్సలో అనుమానాన్ని ఎదుర్కొని సరిచూడకుండా ఉండటాన్ని మెట్టుమెట్టుగా, రోగి ఒప్పుదలతో, వైద్యుడి మార్గదర్శకత్వంలో నేర్పుతారు. దానితోపాటు, లేదా విడిగా, సెరటోనిన్ మందులు వాడతారు. వాటి మోతాదు మామూలు దిగులు జబ్బుకు వాడేదానికంటే తరచు ఎక్కువ ఉంటుంది, ఫలితం తేలడానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పడుతుంది. రెండు వారాలకే "పని చేయలేదు" అని మానేసినవారిని నేను చాలామందిని చూశాను; అది నాకు ఎప్పుడూ బాధ కలిగించే సంగతి. తిరుపతి రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. బెంగళూరులోని నిమ్హాన్స్ అనే మానసిక, నాడీ వైద్య సంస్థలో ఓసీడీకి ప్రత్యేకంగా క్లినిక్ నడుస్తోంది, చిత్తూరు నుంచి అదీ దూరం కాదు. ఇల్లు కదలకుండా ముందు మాట్లాడాలంటే టెలీమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి 14416కు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

వెళ్లే ముందు ఒక వారం లెక్క రాయండి. ఆయనకు తెలియకుండా కాదు, ఆయన చేతే రాయిస్తే ఇంకా మంచిది. అంగడి మూసిన తరువాత ఎన్నిసార్లు వెనక్కి వచ్చారు, ఎంత దూరం పోయాక వచ్చారు, వచ్చిన ప్రతిసారీ బీగం దగ్గర ఎంతసేపు నిలబడ్డారు, ఇంటికి చేరాక ఆ ఆలోచన ఎంతసేపటికి వదిలింది. ఒక్కో రాత్రికి నాలుగు అంకెలు. డాక్టరు గదిలో "ఊరికే అనుమానం సార్" అనే ఒక్క మాటకంటే ఆ కాగితం ఎక్కువ చెబుతుంది, చికిత్స మొదలైన మూడు నెలలకు మళ్లీ ఒక వారం రాసి పక్కన పెట్టి చూసుకోవడానికీ అదే కావాలి. ఆ నాలుగూ గాజుబల్ల మీది ఎలుకకు కట్టిన లెక్కలకు చాలా దగ్గర అని మీరు ఈపాటికి గమనించే ఉంటారు. సెమినారులో మాత్రం మీ నాన్నగారి అంకెలు వాడవద్దు.